ఫొటోలో మిగిలిన అవ్వ

ఆరాధనలో మీ వెనక ఎవరు కూర్చున్నారో మీకు తెలుసా?

ముచ్చటపడి పాత ఫిల్ము కెమెరాను నా వెనక స్టాండు మీద పెట్టి ఆదివారం మా హసన్‌పర్తి ప్రార్థనను తీశాను. ఈ రోజు స్టూడియో తమ్ముడు ఫొటో చేతికిచ్చాడు. మసక వెలుతురని షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాను కదా, చప్పట్లు కొట్టినవాళ్లంతా పొగలా కరిగిపోయారు. చేతులూపుతూ బోధిస్తున్న నాకు తలే లేదు. మూలన ఒక ముసలమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, ఫొటోలోంచి నన్నే చూస్తోంది.

"ఎవలన్నా గీ అవ్వ?"

"తెల్వదురా."

"కాపరినని మైకుల ఒర్లుతవు, గొర్రె తెల్వదా?"

ఆరా తీశాను. కొడుకు దవాఖానలో ఉన్నాడని, ప్రార్థన చేయమని అడగడానికి వారం వారం వస్తోందట. మా కేకల మధ్య అడగలేక వెళ్లిపోతోందట.

నేను దవాఖానకే బయలుదేరుతున్నాను. మీ మూలన కూర్చున్నది ఎవరో ఈ రోజే అడగండి, ఆ మూల ఖాళీ కాకముందే.