బుల్లియ్య వేసిన డబ్బు

మా ఆయన పేరు బుల్లియ్య. కడియపులంక నర్సరీల్లో ఎవరినడిగినా మా తోటకి దారి చెబుతారు. ఇదివరకు అడగ్గానే చెప్పేవారు, ఇప్పుడు కాస్త ఆగి చెబుతున్నారు. ఆ ఆగడం ఎందుకొచ్చిందో నేనే చెబుతాను. నేను నోరు మూసుకున్నా వీధిలో వాళ్ళు మూసుకోరు, వాళ్ళకి తోచినట్టు చెబుతూనే ఉన్నారు.

మాది కౌలు తోట. పెళ్ళయి నేను వచ్చేసరికే ఈయన అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. మామిడి, సపోటా, ఏదిచ్చినా చేతిలో చాకు ఆడుతూ ఉండగానే అవతలి వాళ్ళతో కబుర్లు చెప్పేవారు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కూలికి వచ్చి, మేస్త్రీ అయ్యి, చివరికి సొంతంగా బోర్డు కట్టుకున్నారు. బోర్డు మీద నా పేరు పెట్టారు, "సూర్యకళ నర్సరీ" అని. అప్పుల వాళ్ళు నన్ను అడుగుతారని కాబోలు అని నేను వేళాకోళం ఆడేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక్కరి తోటతో లారీ నిండదు. పెద్ద ఆర్డరు వస్తే మన దగ్గర లేని మొక్కలు పక్క తోటల నుంచి తెచ్చుకుంటాం. చిట్టియ్య దగ్గర పామ్ మొక్కలు, తలుపులమ్మ గారి దగ్గర నూరువరహాలు, ఇంకొకరి దగ్గర కాగితంపూలు. రాసుకోవడాలు ఉండవు, అడ్వాన్సులు ఉండవు. తోపుడుబండి వేసుకుని వెళ్ళి "పిన్నీ, నీ మొక్కలు పట్టికెళ్తున్నా" అంటే "పట్టికెళ్ళు" అంటారు, అంతే. కొన్న పార్టీ డబ్బు పంపాక ఎవరిది వాళ్ళకి పంచుతాం. అది నెలకైనా కావచ్చు, మూణ్ణెల్లకైనా కావచ్చు. అందరూ అంతే.

మా ఆయన మాత్రం అలా కాదు. లారీ కదిలిన రోజే, దీపాలు పెట్టే వేళకి ఎవరిది వాళ్ళకి చేరిపోవాలి. తన దగ్గర లేకపోతే నేను దాచుకున్నది లాక్కునైనా ఇచ్చేసేవారు. నాకు ఒళ్ళు మండేది. "ఊళ్ళో ఎవరికీ లేని తొందర మీకెందుకండీ?" అని ఎన్నిసార్లు దెబ్బలాడానో. "వాళ్ళు మొక్క ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు కదే" అనేవారు. అందుకే ఈయన బండి కనిపిస్తే చాలు, ఎవరైనా సరే బలమైన మొక్కలు ముందుకు నెట్టేవాళ్ళు. ఆయన సంపాదించిందేదైనా ఉందంటే అదొక్కటే.

కిందటి వేసవిలో అశోక్ గారని ఒకాయన ఫోన్ చేశారు. ఉండేది దుబాయ్‌లో, బెంగళూరులో ఏవో విల్లాలకి తోటలు వేసే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆర్డరు పెద్దది. మొక్కలన్నీ వీడియోలో చూసుకుని, బేరం కూడా పెద్దగా ఆడకుండా ఒప్పుకున్నారు. డబ్బు దగ్గరికొచ్చేసరికి, "బుల్లియ్య గారూ, బ్యాంకు ద్వారా అయితే కాగితాలనీ అదనీ వారం పడుతుందండి. కాయిన్‌లో వేసేస్తాను, ఇక్కడ మేమందరం అదే వాడుతున్నాం" అన్నారు.

కాయిన్ అంటే ఏంటో మాకేం తెలుసు? సెంటర్‌లో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న కిరణ్ కుమార్‌కి తెలుసట. పిల్లల తండ్రి, మాటకారి. ఫోనులో ఏదో యాప్ వేసి చూపించాడు.

"క్రిప్టోనండి బాబాయ్ గారూ. ఇది డాలరుతో పాటే నిలబడే రకం, పెరగదు తగ్గదు. గల్ఫ్‌లో మనోళ్ళు కొంతమంది ఇళ్ళకి పంపేది ఇదేనండి. మీరు గానీ దీన్ని బిట్‌కాయిన్‌లోకి మార్చేసి ఓ రెండేళ్ళు మర్చిపోయారనుకోండి, ఇక నర్సరీ చెయ్యక్కర్లేదు."

మా ఆయన పడీ పడీ నవ్వారు. "ఒరేయ్ అబ్బాయ్, ఆ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో నీకేం తెలుసు? ఎర్రచందనం మొక్క అమ్మేటప్పుడు చెప్పా, మలబారు వేప అమ్మేటప్పుడు చెప్పా, అగరు అమ్మేటప్పుడూ చెప్పా. రేటు పెరుగుద్ది, పాతి మర్చిపోండన్నా. కొన్నోళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి నా చెవుల తుప్పు వదలగొడతన్నారు. నాకు రేట్లొద్దు. రూపాయలు చేసిపెట్టు, సాయంత్రం లారీ కదులుద్ది."

రేటు పడిపోతుందేమో అన్నదొక్కటే ఆయనకున్న భయం. అందుకే ఒక్క పూట కూడా ఉంచలేదు. కిరణ్ కుమార్ ఆ కాయిన్‌ని యాప్‌లో అమ్మకానికి పెట్టాడు. ఎవడో కొన్నాడు, కాసేపట్లో రూపాయలు మా ఆయన బ్యాంకు ఖాతాలో పడ్డాయి. పంపినవాడి పేరు మేమెప్పుడూ వినలేదు. "ఈయనెవరు బాబూ?" అని నేను అడిగాను కూడా. "కొనేవాళ్ళు దేశమంతా ఉంటారండి పిన్ని గారూ, ఎవడైతే మనకేంటి, డబ్బు పడిందా లేదా?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఈయన బోరు పక్కన గట్టు మీద కూర్చుని, ఎవరిది వాళ్ళకి ఫోనులో వేసుకుంటూ వచ్చారు. వేసిన ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి "పడిందా?" అని అడగడం ఒక ముచ్చట ఆయనకి. తలుపులమ్మ గారు మా పక్క తోట ఆవిడ. భర్త పోయాక ఆ అరెకరంలో నూరువరహాలు, మందారాలు పెంచుకుంటూ బతుకుతోంది. ఈయన వరసకి పిన్ని అంటారు. "నాకు చూడ్డం రాదు అబ్బాయ్, నువ్వేశానంటే పడ్డట్టే" అంది ఆవిడ. ఆ మాటకి ఈయన పొంగిపోయి నాకు రెండుసార్లు చెప్పారు.

మూడు వారాలు తిరక్కుండానే ఒక పొద్దున ఎరువు కొనడానికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఫోనులో డబ్బు వెళ్ళడం లేదట. సిగ్నల్ లేదేమో అనుకున్నాం. భోజనాల వేళకి చిట్టియ్య మా గేటు దగ్గర నిలబడి కేకలు మొదలుపెట్టాడు. "ఏం డబ్బు వేశావయ్యా బుల్లియ్యా? నా ఖాతా ఆపేశారు! బ్యాంకులో నన్ను దొంగని చూసినట్టు చూస్తన్నారు!" సాయంత్రానికి ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఆ రోజు ఈయన ఎవరెవరికి డబ్బు వేశారో, వాళ్ళందరి ఖాతాలూ ఆగిపోయాయి. తలుపులమ్మ గారిది కూడా.

మర్నాడు బ్యాంకుకి పరిగెత్తాం. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. కాయిన్ కొన్నవాడు వేసిన రూపాయలు వాడివి కావట. ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంలో ఎవరినో ఫోనులో బెదిరించి కాజేసిన సొమ్మట. అక్కడ కేసు పెట్టారు. పోలీసులు ఆ డబ్బు వెంట బయలుదేరి, అది ఎక్కడెక్కడ కాలు పెట్టిందో అక్కడల్లా తాళం వేసుకుంటూ వచ్చారు.

"కాయిన్ అమ్మడం తప్పా సార్?" అని అడిగారు మా ఆయన.

"తప్పని నేననలేనండి, ప్రభుత్వం పన్ను కూడా తీసుకుంటోంది. కానీ ఇలాంటిదేమైనా వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు. ఆ స్టేషన్ నుంచి లెటర్ రావాలి" అన్నాడు మేనేజరు. తర్వాత ఫైలు చూసి, "మీరు ఆ రోజే అందరికీ పంపించెయ్యకుండా ఉంటే మీ ఒక్కరి ఖాతాతో పోయేది బుల్లియ్య గారూ" అన్నాడు.

ఆ మాట ఆయన్ని ఎక్కడో కోసింది. ఊళ్ళో అందరిలా మూణ్ణెల్లు తిప్పించుకుని ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇన్నేళ్ళూ నేను దెబ్బలాడింది దానికే కదా. అయినా ఆ రోజు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఇక అక్కడి నుంచి కాళ్ళరిగేలా తిరగడమే. బ్యాంకుకి వెళ్తే స్టేషన్ అంటారు, రాజమండ్రి సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్తే అది మా కేసు కాదమ్మా అంటారు. ఆ స్టేషన్‌కి ఫోన్ చేస్తే అవతల హిందీ, ఇవతల తెలుగు. అశోక్ గారికి చేస్తే, "నేను పంపాల్సింది నేను పంపాను కదండీ" అన్నారు. అదీ నిజమే. ఆయన్ని తిట్టడానికి కూడా లేకుండా పోయింది, నాకు అదొక మంట.

ఈలోపు వానలు పట్టుకున్నాయి. తలుపులమ్మ గారు ఇంటికి కొత్త రేకులు వేయించుకోవాలని దాచుకున్న డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది. పాత రేకులు కారుతుంటే మంచం ఇటూ అటూ జరుపుకుంటూ పడుకునేది. ఒక రోజు హోరున వాన కురుస్తుంటే, ఈయన మా షెడ్డు మీది టార్పాలిన్ ఊడబీకి, తీసుకెళ్ళి ఆవిడ కప్పు మీద కట్టి వచ్చారు. మా ఎరువు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. ఆవిడ కింద నిలబడి "జాగ్రత్త నాయనా, జారుద్ది" అంటూనే ఉందట.

చివరికి ఈయనే ఆ కేసు ఉన్న ఊరికి రైలెక్కారు. "నువ్వే తగిలించావు, నువ్వూ వెంట వెళ్ళు" అని కిరణ్ కుమార్ని నేనే తరిమాను, వాడికి హిందీ వచ్చు కనక. అక్కడ పోలీసు స్టేషన్‌లో బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉందట. రిటైరైన టీచరు. పోయిన డబ్బు ఆవిడదే. కేసు ఏమైందో కనుక్కోవడానికి రోజూ వచ్చి అలా కూర్చుంటుందట. ఈయన ఆవిడ్ని చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి, ఆ లారీ డబ్బంతా నా ఒక్కడి ఖాతాలోంచే తీసి ఆవిడకి ఇచ్చెయ్యండి, తక్కువైతే నేను కడతాను, మా ఊరి వాళ్ళ ఖాతాలు మాత్రం వదిలెయ్యండి అని కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశారు.

"అంతా మనమే కట్టుకోవాలా? మన మొక్కలు పోయె, డబ్బూ పోయె!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఆవిడ నాకు దణ్ణం పెట్టిందే" అన్నారు. "నాకెందుకు పెట్టాలి? ఆవిడ డబ్బు మనం పంచుకున్నాం. భాష రాదు గానీ, వస్తే మాత్రం ఏం చెప్పేవాణ్ణి?" అని తల దించుకుని కూర్చున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

కోర్టు కాగితమనీ ఇంకోటనీ కార్తీకం వచ్చేసింది. ఖాతాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తలుపులమ్మ గారు రేకులు వేయించుకుంది. చిట్టియ్య వచ్చి టీ తాగి, "కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు. నీ తప్పేముంది?" అన్నాడు. అందరూ ఆ మాటే అన్నారు, నీ తప్పేముందని. కిరణ్ కుమార్ మాత్రం ఒక రోజు కొట్టు దగ్గర, "అప్పుడే బిట్‌కాయిన్‌లోకి మార్చి ఉంచుకుంటే మధ్యలో మంచి రేటు వచ్చేదండి బాబాయ్ గారూ, ఇప్పుడు మళ్ళీ పడిందనుకోండి, కానీ వచ్చే ఏడాది..." అని మొదలుపెట్టాడు. "నోరు ముయ్యి" అన్నాను. ఈయన అది కూడా అనలేదు. ఆయనకి అంత ఓపిక లేదు.

తర్వాత తునిలో కొత్తగా కడుతున్న కల్యాణమండపం వాళ్ళ దగ్గర్నుంచి ఆర్డరు వచ్చింది. చాలా రోజులకి ఈయన ముఖంలో కాస్త కళ కనిపించింది. పొద్దున్నే తోపుడుబండి తీశారు. ముందుగా తలుపులమ్మ గారి తోటకే వెళ్ళాలన్నారు. నేనూ వెంట వెళ్ళాను. అడిగితే ఏమంటుందోనని దారంతా నాకు బెరుకుగానే ఉంది. ఆయనకి లేదు, ఉన్నా పైకి తేల్చలేదు.

ఆవిడ మమ్మల్ని చూసి ఎంతో ఆపేక్షగా, "రా అబ్బాయ్, రా అమ్మాయ్" అని పిలిచి కాఫీ ఇచ్చింది. కొత్త రేకులు చూపించింది. మా టార్పాలిన్ శుభ్రంగా ఉతికి మడత పెట్టి ఉంచింది, నా చేతికిచ్చింది.

"పిన్నీ, నూరువరహాలు కావాలి. లారీ ఉంది" అన్నారు ఈయన.

"పట్టికెళ్ళు నాయనా. ఎన్ని కావాలంటే అన్ని పట్టికెళ్ళు. ఆ చివర వరసలో బాగా గుబురెక్కాయి, అవి తీసుకో."

నాకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఈయన పంచె ఎగ్గట్టి, ఆ చివర వరస నుంచి మొక్కలు మోసుకొచ్చి బండిలో పేర్చడం మొదలుపెట్టారు. పాటొక్కటే తక్కువ. సగం బండి నిండాక, "సాయంత్రానికి వేసేస్తా పిన్నీ" అన్నారు, ఎప్పుడూ అనే మాటే.

తలుపులమ్మ గారు గబగబా లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబూ. డబ్బు మాత్రం వెయ్యకు."

"సరే, చేతికే ఇస్తాలే పిన్నీ."

"చేతికీ వద్దు. మొక్కలు ఊరికే పట్టికెళ్ళు. నీ మీద కోపం కాదు నాయనా, నా బిడ్డలాంటోడివి. కానీ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలీదు కదా? నేను ఒంటరిదాన్ని, మళ్ళీ ఆ బ్యాంకు చుట్టూ తిరగలేను."

ఆవిడ తిట్టినా బాగుండేది. ఈయన బండిలో పెట్టిన మొక్కలు ఒక్కొక్కటే దింపి, మళ్ళీ ఆ చివర వరసలో ఎక్కడివక్కడ పెట్టేశారు. "అయ్యో, పట్టికెళ్ళవయ్యా, ఊరికేనంటున్నా కదా!" అని ఆవిడ వెనకాలే తిరుగుతూ బతిమాలుతోంది. ఖాళీ బండి నేనే తోసుకుంటూ వచ్చాను.

చిట్టియ్య దగ్గరికైనా వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. మా తోటలో ఉన్న మొక్కలతోనే లారీ సగం ఖాళీగా కదిలింది. దీపాలు పెట్టే వేళకి ఈయన అలవాటు ప్రకారం ఫోను పట్టుకుని బోరు పక్కన గట్టు మీద కూర్చున్నారు. అన్నానికి పిలుద్దామని వెళ్ళాను. డబ్బు వెయ్యాల్సిన వాళ్ళెవరూ లేరు. ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు.