హీరోగారి కార్బన్ కవచం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని పదార్థమంటూ ఈ భూమ్మీద లేదని గట్టిగా నమ్మేదాన్ని. విమానాలకూ డ్రోన్లకూ రెక్కల పలకలు చేసే కంపెనీలో ట్రైనీని. కార్బన్ పోగులతో నేసిన నల్లటి గుడ్డకు రెజిన్ అనే జిగురు పట్టించి ఆరనిస్తే ఉక్కంత బలం వస్తుందనీ, బరువు మాత్రం అందులో పావు వంతు కూడా ఉండదనీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేదాన్ని. (మా అమ్మ సరిగ్గా ఆ సమయానికి కాఫీ పెట్టాలంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది.) కంపెనీలో నాకప్పగించిన పని మాత్రం ఆ గుడ్డను కొలిచి కత్తిరించడం. రెజిన్ డబ్బా మూత కూడా ఇంకా నా చేత తీయించలేదు. ఈ సంగతి చుట్టాలకు చెప్పేదాన్ని కాదు.

మా బాబాయి సినిమాలకు ఆర్ట్ డైరెక్టర్. ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వెనక సందులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. సింహాసనాలూ గదలూ రాతి స్తంభాలూ అన్నీ అక్కడ ఫైబర్‌తోనే పుట్టేవి. పుట్టించేది, షెడ్డులో అందరూ ఫైబర్ మామ అని పిలిచే పనివాడు. టోలిచౌకి నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. చదువు పెద్దగా లేదు, ఇరవై ఏళ్ల అనుభవం తప్ప. ఒక ఆదివారం నేను బాబాయింటికి భోజనానికి వెళ్లేసరికి ఆయన దిగులుగా ఉన్నాడు. ఫైబర్ కవచం బరువుగా ఉందని, అది వేసుకుని గుర్రం మీద నుంచి దూకలేనని హీరోగారు అలిగారట. పది రోజుల్లో తేలికైనది కావాలి. నేను అన్నం కలుపుతూనే, కార్బన్‌తో చేస్తే చంటిపిల్ల కూడా మోస్తుందని చెప్పేశాను. బాబాయి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక నాకు రెజిన్ కలపడం రాదని చెప్పబుద్ధి కాలేదు.

కంపెనీలో కత్తిరింపుల్లో మిగిలిన కార్బన్ గుడ్డ అడిగి తెచ్చుకుని, రెజిన్ బజారులో కొని, తర్వాతి ఆదివారం షెడ్డుకు వెళ్లాను. పాత కవచం కోసం మామ పన్నెండు రోజులు కూర్చుని చెక్కిన ప్లాస్టర్ అచ్చు బల్ల మీద ఉంది. గుండె దగ్గర సింహం ముఖం, చుట్టూ లతలు. నేను రెజినంతా ఒకే బకెట్‌లో పోసి, గట్టిపరిచే ద్రావకం కలపబోతుంటే మామ మెల్లగా చెప్పాడు.

"గట్ల మొత్తం ఒక్కసారే కలపకు బిడ్డా. ఉడుకుతది."

ఇది మీ పాత రెజిన్ కాదు మామా, ఎపాక్సీ, దీని లెక్క వేరు అన్నాను. పది నిమిషాలకే బకెట్ వెచ్చబడింది. నాకు కంగారు మొదలైంది. జర ఆగు, అచ్చుకు మైనం రుద్దుత అని మామ అంటున్నా వినకుండా, గట్టిపడేలోపే పూసెయ్యాలని ఆదరాబాదరాగా గుడ్డలు అంటించేశాను. అంతలో వెనక బకెట్ బుసకొట్టి తెల్లటి పొగ వదిలింది. పక్క సెట్ నుంచి వచ్చి గుమ్మంలో టీ తాగుతున్న ఇద్దరు రాజభటులు ఈటెలు వదిలేసి పరుగెత్తారు. మామ బకెట్‌ను కొక్కెంతో బయటకు ఈడ్చి ఇసుక కుప్పలో పడేశాడు.

మర్నాడు కవచం అచ్చును వదలలేదు. (మైనం రుద్దేది అందుకేనని నాకప్పుడు అర్థమైంది.) ఉలి పెట్టి కొడితే సింహం ముక్కలు ముక్కలుగా రాలిపోయింది, కవచం నిలువునా చీలింది. షూటింగ్ ఆగింది. ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి, ఈ పని చేసిందెవరని అడిగాడు. బాబాయి నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

"నేనే కలిపిన సార్," అన్నాడు మామ.

ఆ మనిషి మళ్లీ ఇక్కడ కనిపించకూడదని మేనేజర్ బాబాయితో చెప్పి వెళ్లిపోయాడు. మామ పనిముట్లు స్కూటర్ డిక్కీలో సర్దుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే బాబాయికి నిజం చెప్పాలనుకుని, మూడు నెలల తర్వాత చెప్పాను. నాకు ఆ రోజే తెలుసమ్మా అన్నాడాయన. అప్పటికే మామ సినిమా పనులు మానేశాడని తెలిసింది.

ఇప్పుడు నేను కంపెనీలో ఒక విభాగానికి పెద్దని. కొత్తగా చేరినవాళ్లకు చేతిపని నేర్పే మనిషి కావాల్సి వచ్చి, నిరుడు మామను టోలిచౌకిలో వెతికి పట్టుకున్నాను. పార్కు కోసం ఏనుగు ఆకారంలో జారుడుబల్ల చేస్తున్నాడు. ఆటోలో దారి పొడుగునా సాధన చేసిన క్షమాపణ అప్పజెప్పాను. అందులో రసాయనశాస్త్రం కాస్త ఎక్కువైంది. ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"బకెట్‌ది ఏముంది బిడ్డా, నావి కూడా రెండు మూడు కాలినయి. నేనే కలిపిన అన్నంక, 'కాదు, నేనే' అంటవేమో అని జరసేపు నీ మొఖం చూసిన. గంతే."

నేను మళ్లీ చెప్పుల వైపు చూసుకున్నాను. తర్వాత, వచ్చి మా కంపెనీ పిల్లలకు పని నేర్పమని అడిగాను. ఈ పనే బాగుంది, ఏనుగు మీద జారే పోరగాళ్లు బరువుందని అలగరు అన్నాడు. టీ తెప్పించాడు. తాగాక, జర ఎక్కి జారు, నీ బరువు ఆగితే పిల్లలది ఆగుతది అన్నాడు. అలా టోలిచౌకి సందులో, ఇద్దరు దుకాణదారులు చూస్తుండగా, నలభై దాటిన ఇంజనీరు చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏనుగు తొండం మీద నుంచి జారింది. లేచి దుమ్ము దులుపుకుని, సిగ్గుగా నవ్వుతూ చూస్తే, మామ నా వంక చూడటం లేదు. వంగి తొండం కింద పగుళ్లేమైనా వచ్చాయేమోనని వేళ్లతో తడుముతున్నాడు.