పేరు మార్చాను కదమ్మా

రోజూ కాలేజీకి వెళ్లే బస్సే అది. అమీర్‌పేటలో ఎక్కితే మా కాలేజీ ఉన్న పంజాగుట్ట ఎంతసేపని? కండక్టర్ "పంజాగుట్ట, పంజాగుట్ట" అని అరిచాడు. విన్నాను. పుస్తకాలు ఒళ్లో ఉన్నాయి, కాళ్లు బాగానే ఉన్నాయి, లేవబుద్ధి కాలేదు. చివరి స్టాపు కోఠి దాకా పోయి అదే బస్సులో తిరిగొచ్చాను. "క్లాసులు జల్ది అయినయా?" అని అమ్మ అడిగితే అవునన్నాను. అప్పుడు నేను బీఎస్సీ రెండో సంవత్సరం.

తర్వాత అది అలవాటైపోయింది. ఆకలి చచ్చింది. నాకెంతో ఇష్టమైన కెమిస్ట్రీ ల్యాబ్‌లో టెస్ట్ ట్యూబ్ పట్టుకుని, ఎందుకు పట్టుకున్నానో గుర్తురాక నిలబడేదాన్ని. ఇంట్లో బద్ధకం అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

విడ్డూరమేమిటంటే, అప్పటికే నేను మా కాలేజీ "తోడు గది"లో వాలంటీర్ని. సైకాలజీ చెప్పే మేడమ్ ఒక స్టోర్ రూమ్ ఖాళీ చేయించి దాన్ని మొదలుపెట్టారు. మనసు బాగాలేని విద్యార్థులు వచ్చి మాట్లాడుకోవచ్చు. చెప్పేవాళ్లు మా మొహం చూడనక్కర్లేకుండా రెండు కుర్చీలనూ కిటికీ వైపే తిప్పి ఉంచేవాళ్లం. కూర్చోగానే వాలంటీరు ముందుగా ఒక మాట ఇవ్వాలి: "ఇక్కడ చెప్పింది ఈ గడప దాటదు." ఎందరికో ఆ మాట ఇచ్చాను. చివరికి ఒకరోజు చెప్పేవాళ్ల కుర్చీలో నేనే కూర్చున్నాను. మేడమ్ నాకు అదే మాట ఇచ్చారు. బస్సు సంగతంతా చెప్పేశాను.

ఆవిడ మంచే చేశారు, అది దాచను. పంజాగుట్టలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి ఆవిడే తీసుకెళ్లారు. ఆయన థైరాయిడ్ టెస్ట్, ఈసీజీ చేయించి చెప్పారు. "అన్నీ నార్మల్. ఇది డిప్రెషన్. టాబ్లెట్స్ రాస్తున్నా. సైడ్ ఎఫెక్ట్స్ ముందు కనిపిస్తాయి, గుణం తర్వాత కనిపిస్తుంది. నీ అంతట నువ్వు ఆపొద్దు." ఆయన అన్నట్టే ముందు నోరు పిడచగట్టుకుపోయింది, మధ్యాహ్నం క్లాసుల్లో తూగాను. కొన్ని వారాలకు పంజాగుట్టలో దిగడం మళ్లీ వచ్చింది.

ఇంట్లో మాత్రం అవి బలం గోలీలని చెప్పాను, ఆ సంగతి మేడమ్‌కొక్కరికే తెలుసు. మా దగ్గర ఒకరికి మతి సరిగా లేదనాలంటే "ఎర్రగడ్డ" అంటే చాలు, అక్కడి పిచ్చాసుపత్రి మాకు పక్కనే కదా. నాన్నకు తెలిస్తే కాలేజీ మానిపిస్తారు. నాకు ఆ డిగ్రీ కావాలి. ఒంట్లో కొంచెం ప్రాణం వచ్చాక మరీ కావాలనిపించింది.

యాన్యువల్ డేకి తోడు గది గురించి మేడమ్ ఒక నాటిక రాశారు. నన్ను రిహార్సల్స్‌కి రావద్దన్నారు. "నువ్వు రెస్ట్ తీసుకో. ఇంట్లోవాళ్లను తీసుకొచ్చి చూడు, చాలు." అమ్మను తీసుకెళ్లాను. తెర లేచేసరికి నా పక్క బెంచీ షాహెదా వేదిక మీద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పంజాగుట్ట, పంజాగుట్ట" అని ఎవరో అరిచారు. ఆమె లేవలేదు. హాలంతా నవ్వింది. కాసేపటికి స్టేజీ మీది తల్లితో "బలం గోలీలమ్మా" అంది. మళ్లీ నవ్వులు. అమ్మ నావైపు తిరిగి చూసింది.

నేను లేచి తెర వెనక్కి పరుగెత్తాను. "గడప దాటదన్నారు కదా మేడమ్!"

"పేరు మార్చాను కదమ్మా! నీ పేరు ఎక్కడైనా వచ్చిందా? నలుగురికి మేలు జరుగుతుంటే నీకేంటి బాధ?"

ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. వాలంటీర్ల శనివారం మీటింగుల్లో ఆవిడ మాకు నేర్పిందీ అదే, పేరు తీసేసి కేసు చెప్పడం. పేరొక్కటి తీసేస్తే సరిపోతుందా? ఆ బస్సు నేను, ఆ స్టాపు నేను, ఆ గోలీలు నేను. నమ్మి చెప్పుకుంటే నన్ను స్టేజీ ఎక్కించారు.

నాటిక అయ్యాక షాహెదా రంగు కడుక్కోకుండానే ఏడ్చింది. "అల్లా కసమ్, అది నీ ముచ్చటని నాకెర్క లేదే. మేడమే కల్పించి రాసిందనుకున్న."

తెర వెనక నా అరుపు హాల్లోకి వినిపించింది. కాలనీలో వార్త మాకంటే ముందే చేరింది. నాన్న గోలీలన్నీ మోరీలో పారేసి, "గివి తినవట్టే గిట్లయింది. కాలేజీ బంద్" అన్నారు. డాక్టరు ఆపొద్దన్నది ఆగిపోయింది. మంచం దిగడం మానేశాను. స్నానం లేదు, అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

ఒకరోజు అమ్మ నా తల చిక్కు తీస్తూ అడిగింది. "నాటకంల చూసినట్టేనా నీకు అయితున్నది?" అవునన్నాను. "మరి ఆఖరుకు గా పోరి డాక్టర్ తాన పోయి మంచిగైంది గదనే. నువ్వు ఎట్ల గాకుంట పోతవ్?" నేను లేచొచ్చిన నాటికను అమ్మ చివరిదాకా చూసిందన్నమాట.

మర్నాడు నాన్న పనికి వెళ్లాక ఇద్దరం బస్సెక్కాం. పంజాగుట్ట వచ్చింది. నేను లేవలేదు. లేచిన అమ్మ మళ్లీ కూర్చుంది. "దిగబుద్ధైతలేదా? నేను సుత దిగ. కోఠి దాకా పోయొద్దాం తీ." తిరుగు బస్సులో వచ్చి పంజాగుట్టలో అమ్మ కొంగు పట్టుకుని దిగాను. డాక్టరు కోప్పడలేదు. "రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది. సడన్‌గా ఆపితే ఇలా అవుతుంది. లో డోస్‌తో మళ్లీ స్టార్ట్ చేద్దాం." నాన్నతో అమ్మే కొట్లాడింది. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.

ఇప్పుడు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. టాబ్లెట్లు డాక్టరే మెల్లగా తగ్గించి ఆపేశారు. తన నాటిక వల్లే మా అమ్మ కళ్లు తెరిచిందని మేడమ్ చెప్పుకుంటారట. తెరిస్తే తెరిచి ఉండొచ్చు. నన్ను అడగాల్సింది. ఆవిడ మీద కోపం నాకింకా పోలేదు, పోవాలనీ లేదు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. బాధ లోపల దాచుకోకండి, చెప్పుకోండి. కాని నోరు విప్పేముందు, "ఇది ఇంకొకరికి చెప్పాల్సొస్తే ముందు నన్ను అడుగుతారా?" అని అడగండి. "పేరు మారుస్తాం" అంటే అక్కడినుంచి లేచి, అడుగుతామనే మనిషిని వెతుక్కోండి.

ఇది రాసేముందు షాహెదాను అడిగాను, ఒప్పుకుంది. మేడమ్‌ను అడగలేదు. ఆవిడ పద్ధతి ప్రకారమే పేరు తీసేశాను, ఇక ఆవిడకేంటి బాధ? అమ్మను కూడా అడిగాను, నీ సంగతి రాయనా, పేరు మార్చనా అని. "ఎందుకు మారుస్తవ్? నేనేం తప్పు చేసిన్నా? నా పేరే రాయి" అంది.

మా అమ్మ పేరు సత్తెమ్మ.