చెప్పులు విడిచి ఎక్కిన కారు

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం ఎందుకొచ్చిందని మాత్రం ఒక్కరూ అడగరు. అడగకపోయినా ఈసారి చెప్పదలిచాను. వనపర్తిలో ఒక కార్ల షోరూం ముందు నా చెప్పుల దగ్గర మొదలైన కోపం ఇది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

మాది గద్వాల. నాకు నలభై ఎనిమిదేళ్లు, అందులో ముప్పై ఏళ్లు గుంత మగ్గం మీదే గడిచాయి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని చీర నేస్తాం. పైన చేతులు పోగును లాక్కెళ్లే నాడె విసురుతుంటాయి, కింద కాళ్లు చెక్కలు తొక్కుతుంటాయి. కళ్లు చీర మీద ఉంటాయి కాబట్టి కింద ఏం జరుగుతోందో పాదానికే తెలియాలి. చెప్పులేసుకుని ఆ గుంతలోకి దిగేవాళ్లు మా వాడలో లేరు. మగ్గానికి దండం పెట్టి, చెప్పులు పక్కన విడిచి కూర్చుంటాం. కూర్చున్న చోటే లేస్తాం, అవే చెప్పులు వేసుకుంటాం.

అలా ముప్పై ఏళ్లు తొక్కాను. ఒక్క అడుగు ముందుకు పోలేదు. నేను నేసిన చీరలు హైదరాబాదు పోయాయి, బెంగళూరు పోయాయి, ఎవరెవరి పెళ్లిళ్లో చూశాయి. నేను మాత్రం ఆ గుంతలోనే ఉన్నాను. ఒకరోజు గద్వాల బస్టాండు దగ్గర ఒక చిన్న కారు నా పక్కనుంచి రయ్యిమని పోయింది. పొట్టిగా, ఎర్రగా, నేలకు అతుక్కున్నట్టు ఉంది. నడుపుతున్నది ఒక ఆడపిల్ల. ఆ దుమ్ములో నిలబడే అనుకున్నాను, తొక్కితే ముందుకు పోయేది ఒకటి నాకూ కావాలని.

ఇప్పుడు నాకు నాలుగు మగ్గాలున్నాయి. చీరలు నేనే ఫోన్లో చూపించి అమ్ముతాను, ఎవరి ముందూ చేయి చాపే పని లేదు. మా ఆయనకు కారెక్కితే వాంతులు, అందుకని ఆయన అడ్డమూ చెప్పలేదు, వెంటా రాలేదు. అడ్డం చెప్పింది మా తమ్ముడు. వాడు గోపాల్‌పేటలో సర్కారు బడి పంతులు, వనపర్తిలో ఉంటాడు. మా నాన్న పోయినప్పుడు వాడు ఏడో తరగతి. ఆ వారం మగ్గంలోకి దిగింది నేను, బడికి పోయింది వాడు. ఈ మాట నేను వాడితో ఎప్పుడూ ఎత్తలేదు.

చిన్న కారు ఎందుకు, పెద్దది తీసుకొమ్మన్నాడు. ఏడుగురు పడతారట, అందరం కలిసి మల్దకల్ గుడికి పోయి రావచ్చట. కారు లైసెన్సు లేని మనిషి కార్ల గురించి పాఠం చెబుతుంటే వినడం కంటే శిక్ష లేదు. నా దగ్గర లైసెన్సు ఉంది. గద్వాలలో డ్రైవింగ్ నేర్పే ఒక సాబ్ దగ్గర నేర్చుకున్నాను. మొదటిరోజు చెప్పులు గేటు దగ్గర విడిచి కారెక్కితే ఆయన ఇదేందమ్మా అన్నాడు. రెండు వీధులు తిరిగాక ఇంకేమీ అనలేదు. వారం తర్వాత ఒక్క మాట అన్నాడు. "నువ్వు గట్లనే నడుపక్కా. నీ కాళ్లకు తెల్సు." ఆ మాటను ఇప్పటికీ సర్టిఫికెట్ లాగా దాచుకున్నాను.

ఇక షోరూం. ఎండాకాలం, పదకొండు గంటలు. ఉండేది ఆ ఊళ్లోనే కాబట్టి తమ్ముడూ వెంట వచ్చాడు. సేల్స్ కుర్రాడు మెడలో కార్డు వేసుకుని ఎదురొచ్చి తమ్ముడికి దండం పెట్టాడు. తమ్ముడికి మంచినీళ్లిచ్చాడు. ఏ కారు కావాలని తమ్ముణ్ని అడిగాడు. బస్టాండు దగ్గర చూసినలాంటి ఎర్ర కారే మూలన ఉంటే, నేను దాన్ని చూపించి ఇది అన్నాను. వాడు నా వైపు చూసి ఒకసారి నవ్వి, మళ్లీ తమ్ముడి వైపు తిరిగాడు.

"మేడమ్‌కు ఆటోమేటిక్ బాగుంటది సార్. ఎడమ కాలుకు పనే ఉండదు."

నా ఒళ్లు మండిపోయింది. ఎడమ కాలికి పని లేకపోతే నేను ఈ ముప్పై ఏళ్లు ఏం చేసినట్టు? గేర్లున్నదే కావాలన్నాను. క్లచ్ కావాలి, రెండు కాళ్లకూ పని కావాలి. వాడు తలూపి టెస్ట్ డ్రైవ్ ఫారం తీశాడు. పేరు దగ్గర నన్ను అడగకుండానే తమ్ముడి పేరు రాసి, లైసెన్స్ ఇమ్మని తమ్ముడి ముందు చేయి చాపాడు. తమ్ముడు జేబులు తడుముకున్నాడు, లేని లైసెన్సు దొరుకుతుందన్నట్టు. నేను నాది తీసి బల్ల మీద పెట్టాను. వాడు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. దొంగ నోటును కూడా ఎవరూ అంతసేపు చూడరు.

కారు గేటు ముందుకు తెచ్చి తలుపు తీశారు. లోపల కొత్త వాసన, కింద నల్లటి మెత్తటి పట్టా. నేను చెప్పులు విడిచాను. రెండూ పక్కపక్కన, మగ్గం దగ్గర విడిచినట్టే విడిచి, స్టీరింగుకు దండం పెట్టి కూర్చున్నాను. టెస్ట్ డ్రైవ్ అంటే ఎక్కిన చోటే దిగడం కదా, అందులో తప్పేముంది? సేల్స్ కుర్రాడు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు. గేటు దగ్గరున్న ఇంకొకడు వీడియో తీయడానికి ఫోన్ పైకెత్తాడు.

నాకు ఆ నవ్వుల మీద వచ్చిన కోపం చిన్నది. వాళ్లెవరో, నేనెవరో. అప్పటికే వెనక సీట్లో ఎక్కి కూర్చున్న మా తమ్ముడు మెల్లగా అన్న మాటకు వచ్చింది అసలు కోపం.

"అక్కా, చెప్పులేసుకో. అందరు చూస్తున్నరు. జర మా ఇజ్జత్ చూడు."

మా ఇజ్జత్ అన్నాడు, మన పరువు అనలేదు. అందులో నేను లేను. నేను అద్దంలో వాడి మొహం చూశాను. వాడు నా కాళ్ల వైపు కాదు, ఫోన్ పట్టుకున్నవాడి వైపు చూస్తున్నాడు.

"నువ్వు దిగు," అన్నాను.

దిగాడు. సేల్స్ కుర్రాడు నా పక్కన కూర్చుని, పెట్రోల్ బంకు దాకా పోయి తిరిగి రావాలన్నాడు. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. పెబ్బేరు రోడ్డెక్కాను. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి ఒక్కసారే తెలిసింది. సెకండ్, థర్డ్. కారు ముక్కు పైకి లేచినట్టు ఉరికింది. పల్లికాయ మూటల ట్రాక్టరును దాటాను, బస్సును దాటాను, బంకునూ దాటాను. సాబ్ కారులో ఆయన కాలి కింద ఇంకొక బ్రేకు ఉండేది. ఇందులో నా కాళ్లు తప్ప ఇంకెవరి కాళ్లూ లేవు. తొక్కితే ముందుకు పోతున్నాను. కోపంలోనే ఉన్నాను, ఆ కోపంలోనే నాకు ఏడుపొచ్చింది. కుర్రాడు తలుపు మీది పిడి పట్టుకుని, మేడమ్ మెల్లగ, మేడమ్ మెల్లగ అంటూ వచ్చాడు. పాపం, ఆ పిడి ఊడకపోవడం కంపెనీవాళ్ల గొప్ప.

తిరిగొచ్చి గేటు ముందు సరిగ్గా బయల్దేరిన చోటే ఆపాను. కుర్రాడు దిగి నేరుగా తమ్ముడి దగ్గరికి పోయి, మేడమ్ మస్తు నడుపుతున్నరు సార్ అని చెప్పాడు. నన్ను మెచ్చుకోవడం కూడా వాడికే చెప్పాలి. నేను తలుపు తీసి కాలు కింద పెట్టబోయి ఆగాను. చెప్పులు లేవు.

ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. కాపలా అతను తనకు తెలియదన్నాడు.  తమ్ముడు గోడ పక్కనున్న పూలకుండీ వైపు కళ్లతో చూపించాడు. నా చెప్పులు ఆ కుండీ వెనక, ఒకదాని మీద ఒకటి, బోర్లించి ఉన్నాయి.

"మా హెడ్‌మాస్టర్ సార్ గిట్ల వచ్చిండక్కా, బండి చూడనీకి. అందుకని," అన్నాడు.

నేను అరవలేదు. నా అరుపులకు అలవాటుపడ్డ మనిషి కాబట్టి, అరవకపోయేసరికి వాడు భయపడ్డాడు.

"నువ్వు బడికి పోతుంటే ఈ కాళ్లు గుంతల దాచిపెట్టిన," అన్నాను. "ఇప్పుడు చెప్పులు గూడ దాస్తవా?"

 నేను చెప్పులు తీసుకోలేదు. కాలిపోతున్న సిమెంటు మీద నడిచి, మెట్లెక్కి, అద్దంలాంటి ఆ తెల్లటి నేల మీద ఎర్ర దుమ్ము పాదాలు వేసుకుంటూ బల్ల దాకా పోయాను. వెనక్కి చూసుకుంటే ఒక్కో అడుగూ స్పష్టంగా ఉంది, వేళ్లతో సహా. హెడ్‌మాస్టరు గారు ఏదో పెద్ద కారు పక్కన నిలబడి చూస్తున్నారు. బాగా చూడనీ అనుకున్నాను. తమ్ముడి పేరున్న కాగితం చింపించి, నా పేరుతో కొత్తది రాయించి, ఎర్ర కారే బుక్ చేశాను. బస్టాండు ముందు కొత్త చెప్పులు కొనుక్కుని గద్వాల బస్సెక్కాను. పాతవి ఆ కుండీ వెనకే ఉండిపోయాయి.

కారు చేతికిచ్చే రోజు తమ్ముడు పిలవకుండానే వచ్చాడు, పాలిష్ పెట్టిన నల్ల బూట్లతో. గద్వాల దాకా వస్తానన్నాడు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వాడు తలుపు దగ్గర ఆగి, అదే సేల్స్ కుర్రాడు చూస్తుండగా వంగి బూట్లు విప్పాడు. మేజోళ్లు కూడా విప్పాడు. ఈసారి ఎక్కిన చోట దిగం కాబట్టి వాటిని బయట వదలలేక, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పెబ్బేరు దాటాం. కృష్ణ మీది బ్రిడ్జి దాటాం. ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిప్పాను. వాడు ఆ బూట్లను రెండు చేతులతో అలాగే పట్టుకుని ఉన్నాడు. కింద పెట్టుకొమ్మని నేను అనలేదు.