కాల్చిన కొడవలి నీళ్లు

మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ మూత ఎగిరిపోయిన రోజు మా నాన్నా, చిన్నమామా ఒకే షెడ్డులో ఉన్నారు. ఇద్దరికీ కాలూచెయ్యీ బాగానే ఉన్నాయి. నాన్న ఇంటికొచ్చి కోడికూర వండమన్నాడు. మామ మాత్రం వాకిట్లోనే మంచం వేసుకున్నాడు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే లేచి నిలబడేవాడు. సోమవారం డ్యూటీకి రాకపోతే ఇక రావద్దని సూపర్‌వైజర్ కబురు పంపాడు. పర్మనెంట్ కాబోతున్న ఉద్యోగం పోతే పిల్లనెవరిస్తారని ఇంట్లో ఒకటే గోల.

దీనికి మావాళ్ల దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. అమ్మ వైపు వాళ్లకు పొలంతోపాటు భయం కూడా పంపకాల్లో వస్తుందట. పూడిక తీస్తుంటే బావి గోడ తనమీద కూలాక తాత బతికినన్నాళ్లూ తలుపు మూసి పడుకోలేదు. బస్సు బోల్తాపడ్డాక పెద్దమ్మ రుద్రారం నుంచి పటాన్‌చెరు సంతకు నడిచే వెళ్లేది. మామేమో చిన్నప్పుడు తాత నిద్రలో పెట్టే కేకలకు ఉలిక్కిపడి లేస్తూ పెరిగాడు. అదే నాన్న వైపు చూడండి, ట్రాక్టర్ కిందపడ్డ పెదనాన్న ముందు ట్రాక్టర్‌కేమైందని అడిగాడట. దాన్ని ధైర్యమనేవాళ్లు. నాకు మొద్దుతనంలా అనిపించేది కానీ, పైకి అంటే వీపు విమానం మోత.

ఆదివారం పొద్దున అమ్మమ్మ జడుపు మందుకు దిగింది. కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, ఆ నీళ్లు తాగించాలి. మామను కూర్చోబెట్టి చుట్టూ చేరాం. కొడవలి పడగానే తపేలాలోంచి సుయ్‌మని ఆవిరి లేచింది. మూత ఎగిరే ముందు రియాక్టర్ కూడా అలాగే అరిచిందని మా తెలివిగల కొంపలో ఒక్కరికీ తట్టలేదు.

మామ గోడ దూకి జొన్నచేలో పడ్డాడు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వడానికి ఊపిరాడలేదు. నాన్న నన్ను నేలకు అదిమి, నా మీద కప్పినట్టు బోర్లా పడుకున్నాడు. ఆయన ఒళ్లంతా వణుకుతోంది.

"నువ్వు గూడనా అల్లుడా? మరి డ్యూటీకి ఎట్ల పోతున్నవ్?" అంది అమ్మమ్మ.

నాన్న లేచి లుంగీ దులుపుకున్నాడు. "వానికి పెండ్లాం పిల్లలు లేరత్తా, భయపడ్డా నడుస్తది. నేను గూడ కూసుంటే ఇల్లెట్ల గడుస్తది?"

మామ ఉద్యోగానికి నీళ్లొదిలాం. ఆయనకు తాయెత్తు కట్టించారు, దర్గాకు తిప్పారు. నాన్నకు సోమవారం అమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. కంపెనీ బస్సు కదులుతుంటే నేను వెక్కివెక్కి ఏడ్చాను. పిరికిది, అంతా తల్లి పోలికే అన్నారు.