మా ప్రాంప్టరు మావయ్య నటించిన సీను

మొన్న ఒకమ్మాయి ఫోను చేసింది. పాత టెలీఫిల్ముల మీద ఏదో పరిశోధన చేస్తోందట, నేను రాసిన మొదటి చిత్రాన్ని ఎవరో ఇంటర్నెట్లో పెడితే ఆపి ఆపి నాలుగుసార్లు చూసిందట. అంతా బాగుంది గానీ, నటీనటుల పేర్లలో చివర వేసిన మనిషి సినిమాలో ఎక్కడా కనపడడేమండీ, పొరపాటున వేశారా అని అడిగింది. పొరపాటు కాదమ్మా, ఆ పేరు ఉంచి తీరాలని నేనే పట్టుబట్టాను అని మాత్రం చెప్పి, మిగతాది ఫోనులో చెప్పే సంగతి కాదు గనక కాఫీ చల్లారిపోతోందని వంక పెట్టి పెట్టేశాను. ఆ అమ్మాయికైతే ప్రాంప్టరు అంటే ఏమిటో అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాలి. నా ఈడువాళ్ళైన మీకు ఆ బాధ లేదు కాబట్టి మీతోనే చెప్పుకుంటున్నాను.

బడాయి అనుకోకండి, మా ఖరగ్‌పూరు తెలుగువాళ్ళలో టీవీకి కథలు రాసి పేరు తెచ్చుకున్నది, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. ఎనభైల నడిమి నుంచి తొంభైల చివరిదాకా ఏడాదికొకటైనా నా టెలీఫిల్ము హైదరాబాదు టీవీలో వచ్చింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న గూడ్సు గార్డు, నేను వర్క్‌షాపు ఆఫీసులో టైపిస్టుని. పొద్దున్న సైరను కూస్తే సైకిలెక్కి వెళ్ళడం, సాయంత్రం సైరను కూస్తే ఇంటికొచ్చి రాసుకోవడం, ఇదీ నా జీవితం. ఆడపిల్లకి ఈ రాతలేమిటని అన్నవాళ్ళు అన్నారు, నేను వినలేదు, వినకపోవడమే మంచిదైంది.

నాకు రాత నేర్పింది మా మావయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు, వ్యాగన్ షాపులో ఫిట్టరు, నిమ్‌పురా క్వార్టర్లలో కాపురం. చిన్నప్పుడు మశూచి పోసి మొహమంతా మచ్చలు మిగిలాయి. మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ప్రతి దసరాకీ తెలుగు నాటకం ఉండేది. ఆడేవాళ్ళంతా ఫిట్టర్లూ కలాసీలూ గార్డులే గనక ఎవరి డ్యూటీ ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు, రాజు వేషం వేయాల్సినవాడు సరిగ్గా రిహార్సలు వేళకి గూడ్సు బండి మీద టాటానగర్ పోయేవాడు. మాటలు సగం సగం వచ్చిన ఆ మనుషులతో నాటకం నడిచిందంటే అది తెర పక్కన స్టూలు మీద కూర్చుని ముప్పై ఏళ్ళు మాటలందించిన మావయ్య చలవే. ఆయన అందించేది మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేది కాదు, నటుడికి మాత్రం వినపడేది. పుస్తకం చేతిలో ఉండేదే గానీ చూసేవాడు కాదు, అందరి మాటలూ ఆయనకి కంఠతా వచ్చేవి.

నేను మొదటి నాటకం రాసి పట్టుకెళ్తే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, మొత్తం తనే చదివి వినిపించాడు. కళ్ళు తెరుసుకుంటే నీ అచ్చరాలే కనపడతాయి గానీ మాట ఇనపడదే గుంటా అనేవాడు. మా వైపు ఆడపిల్లని ముద్దుగా గుంట అంటారు. స్టేజీ మీద ఒకడు మాట మరిచిపోతే అది వాడి తప్పు కాదు, ఆ మాట రాసినవాళ్ళ తప్పు అనేది ఆయన సిద్ధాంతం. మనిషి నోటికి పట్టే మాట ఎవడూ మరిచిపోడట. ఇన్నేళ్ళలో ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకు మించిన పాఠం నాకెవరూ చెప్పలేదు.

టీవీకి పంపిన మొదటి రాతప్రతి తిరిగొచ్చింది. మాటలు బాగున్నాయి, కానీ టీవీలో కళ్ళకి కనపడేది ముందు కావాలి అని ఎవరో పుణ్యాత్ముడు రెండు ముక్కలు రాసి పంపాడు. వారం రోజులు కోపంతో ఉడికిపోయాను. ఆ తరవాత ఒకసారి లోకల్లో మేదినీపూర్ పోతూ, సిగ్నలు దగ్గర బండి ఆగితే, పట్టాల పక్క క్వార్టర్ల కిటికీలు చూస్తూ కూర్చున్నాను. ఒక కిటికీలో ఒకావిడ కంచంలో అన్నం పెట్టి, ఎదురు పీట వైపు చూసి, ఆ అన్నం మళ్ళీ గిన్నెలోకి తీసేసింది. మాట లేదు, కథంతా ఉంది. ఇంటికొచ్చి కాగితం నిలువుగా మడిచి ఎడమ వైపు కనపడేది, కుడి వైపు వినపడేది రాయడం మొదలుపెట్టాను. రెండోసారి పంపింది తిరిగి రాలేదు.

కథ మా మనుషులదే. వర్క్‌షాపులో ప్రమాదంలో భర్త పోతే ఆ ఉద్యోగం భార్యకిస్తామంటారు. అత్తవారు వద్దంటారు, ఆవిడ ఎటూ తేల్చుకోలేక ఉంటుంది. అప్పుడు చనిపోయినవాడి తోటి ఫిట్టరొకడు అతని పనిముట్ల సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టి, సోమవారం నుంచి రమ్మని నాలుగు మాటలు చెబుతాడు. దానికి ఆవిడ ఏడుస్తూ పెద్ద సమాధానం చెప్పి, అతను వెళ్ళాక సంచీ తీసుకుని లోపలికి పోతుంది. డైరెక్టరు గారు చిన్న బృందంతో ఆరు రోజులకి మా ఊరే వచ్చి తీస్తామన్నారు. చిన్న వేషాలకి ఊళ్ళోవాళ్ళు కావాలన్నారు. ఆ ఫిట్టరు వేషం నేను మావయ్య కోసమే రాశానని అప్పుడు బయటపెట్టాను. ఆయనకి జీవితంలో ఒక్కసారి వెలుతురులో నిలబడాలని ఉందనీ, ఈ మచ్చల మొహాన్ని చూసి నవ్వుతారని భయపడి ఎవరినీ అడగలేదనీ అమ్మ ఒకసారి నాతో చెప్పింది. డైరెక్టరు గారు ఆయన్ని చూసి, ఈ మొహమే కావాలి నాకు అన్నారు. మావయ్య ఆ మాట నిమ్‌పురా అంతా చెప్పుకున్నాడు. వారం రోజులు షెడ్డులో పనికన్నా ఈ కబురే ఎక్కువ నడిచిందట.

ఆ సీను ఐదో రోజు సాయంత్రం తీశారు. వెలుతురు పోతోందని డైరెక్టరు గారు ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకే షాటులో ఇద్దరినీ కలిపి తీసేశారు. మావయ్య తన నాలుగు మాటలూ ఎంత బాగా చెప్పాడో, హైదరాబాదు నటి కూడా నిజంగానే కదిలిపోయి ఏడ్చింది. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. బృందంవాళ్ళంతా హీరోయిన్ కన్నీళ్ళే చూశారు. నేను మాత్రం అసలు చూడనేలేదు. ఆయన నేర్పినట్టే కళ్ళు మూసుకుని మాట విన్నాను.

నెల పోయాక సెలవు పెట్టి ఎడిటింగుకి హైదరాబాదు వెళ్ళాను. ఆ సీను రాగానే ఎడిటరు ఫక్కున నవ్వాడు. నాకు అర్థం కాలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూపించాడు. మావయ్య తన మాటలు చెప్పడం ముగించాక, ఆ నటి ఏడుస్తూ మాట్లాడుతున్నంతసేపూ, పక్కన నిలబడి ఆవిడ మాటలన్నీ పెదాలతో అందిస్తున్నాడు. చప్పుడు లేదు, పెదాలు మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా కదులుతున్నాయి. ముప్పై ఏళ్ళ అలవాటు. ఎదుటి మనిషి మాట తడబడుతుందేమోనన్న ఆత్రం ఆయన కళ్ళలో కూడా కనపడుతోంది. నాకు నవ్వు రాలేదు.

మళ్ళీ తీయడానికి వీల్లేదు, ఆవిడ ఒక్కతే ఆ మాటలు చెప్పే షాటు వేరే లేదు. డైరెక్టరు గారు మంచి మనిషి. మీ మావయ్య, మీ ఇష్టం, చిన్న తెర కదా, సగం మంది గమనించరు అన్నారు. గమనించిన సగం మంది ఆ విధవరాలి ఏడుపు దగ్గర నవ్వుతారు, నవ్వేది నేనెవరి కోసం ఆ కథ రాశానో వాళ్ళని చూసి. కాఫీ తెప్పించుకుని తాగి, తీసేయండి అన్నాను. దాని బదులు, ఎందుకో ముందుజాగ్రత్తగా తీసిపెట్టుకున్న ఖాళీ గుమ్మం షాటు ఒకటి ఉంటే, మావయ్య వెళ్ళిపోయాక ఆవిడ సంచీ తీసుకుని లోపలికి వెళ్ళే చివరి ముక్కని దానికి అతికించాం. పేర్లలోంచి ఆయన పేరు కూడా తీయబోతే మాత్రం ఒప్పుకోలేదు.

చిత్రం అనుకున్నదానికన్నా బాగా వచ్చింది. నిజం నిజమే కదా. ఆ సంచీ ఎవరు పెట్టారో చెప్పకుండా వదిలేయడం ఎంత గొప్పగా ఉందో అని పత్రికలో రాశారు. తక్కువ చెప్పి ఎక్కువ చూపించే రచయిత్రి అని నాకు పేరొచ్చిందీ, తరవాతి అవకాశాలన్నీ వచ్చిందీ ఆ ఒక్క షాటు వల్లే. ఎవరు పొగిడినా అవునండీ అని ఊరుకునేదాన్ని. నా గుట్టు నాకు తెలుసు.

ఆ రోజుల్లో హైదరాబాదు టీవీ మా ఊరికి అందేది కాదు, కలకత్తాదొక్కటే వచ్చేది. మావాళ్ళ కథ ఆంధ్ర అంతా చూసింది గానీ మావాళ్ళు చూడలేదు. క్యాసెట్టు నా చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మావయ్య మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను. ఎవరికైనా మొహం మీదే మాట చెప్పగలిగినదాన్ని, ఆయన నవ్వు మొహం చూసి రేపు చెప్పొచ్చులే అనుకునేదాన్ని. క్యాసెట్టు వచ్చేసరికి ఆయనే ఇన్‌స్టిట్యూట్ హాలు మాట్లాడి, కలర్ టీవీ, వీసీపీ తెప్పించి, నిమ్‌పురా నుంచి తోటి ఫిట్టర్లని కుటుంబాలతో సహా పిలిచేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

నేను బొమ్మ చూడలేదు. ఆయన్నే చూశాను. మొదటి సీను నుంచీ పెదాలు కదులుతున్నాయి. హీరోయిన్ మాట, అత్తగారి మాట, ఆఫీసరు మాట, అన్నీ అందిస్తున్నాడు. తన సీను దగ్గర పడుతుంటే నిటారుగా కూర్చుని చొక్కా గుండీ సవరించుకున్నాడు. ఖాళీ గుమ్మం వచ్చింది, సంచీ వచ్చింది, ఆవిడ సంచీ తీసుకుని లోపలికి పోయింది, తరవాతి సీనులో ఆఫీసు మెట్లెక్కుతోంది. మావయ్య పెదాలు తన మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి. తెర మీద ఎవరో మాట్లాడుతున్నారు, ఆయనకి వరుస దొరకడం లేదు. ఏ రాజు ఏ మాట మింగేసినా మూడు పేజీల ముందుకి గెంతి అందుకోగల మనిషి, ఎక్కడున్నాడో తెలియక నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కాసేపటికి మళ్ళీ అందుకుని, చివరిదాకా అందరి మాటలూ అందించాడు.

దీపాలు వేశారు. పక్క క్వార్టరు బెంగాలీ ఆయన, కీ దాదా, మీ పార్ట్ ఏదీ అన్నాడు. ఫిట్టర్లందరూ నా వైపు తిరిగారు. వాళ్ళలో ఒకాయన, ఏటమ్మా, మావనే కత్తిరించీసినావా అని అడిగేశాడు. అంతమందికి మాటలు రాసిపెట్టినదాన్ని, నోరు పెగల్లేదు. అప్పుడు నా పక్కనుంచి మావయ్య గొంతు వినపడింది.

"నానే తీసీమన్నాను. కత పొడుగైపోనాది. గుంట ఒద్దంటే నానే ఇనలేదు."

ఇంటికి పోతూ సైకిలు నడిపించుకుంటూ నా పక్కన నడిచాడు. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు, నా పెదాలు కదిలినాయేటే అని నెమ్మదిగా అడిగాడు. లేదు మావయ్యా, నిడివి ఎక్కువైంది అన్నాను. ఠీక్ హై అన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత నా రాతప్రతులన్నీ అలాగే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాడు, నేను కళ్ళు మూసుకునే విన్నాను.

తొంభైల్లో మా ఊరికి కేబుల్ వచ్చింది. తెలుగు చానళ్ళు నట్టింట్లో కూర్చున్నాక దసరా నాటకానికి జనం పలచబడ్డారు, ఒక ఏడు ఆడనే లేదు, తరవాత ఎవరూ ఆడదామనలేదు. నాకు అన్నం పెట్టిన టీవీయే మావయ్య కింద స్టూలు లాగేసింది. రిటైరయ్యాక ఆయన నా టెలీఫిల్ములు చూస్తూ, పోయేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ఆ సీను తీసేసినందుకు నాకు ఈరోజుకీ చింత లేదు. ఇప్పుడు మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టినా తీసేయమనే అంటాను. కానీ రెండు నెలలు ఎదురుగా కూర్చున్న మనిషికి నాలుగు మాటలు చెప్పలేకపోయాను, పైగా రైలు గేటు దగ్గర అడిగినప్పుడు అబద్ధమాడాను. ఈ మధ్య మాట్లాడుతుంటే నాకు మధ్యలో మాట తట్టడం లేదు. మా ఇంట్లో అందరూ మర్యాదస్తులు, నాకు గుర్తొచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చుంటారు. అందించే మనిషి ఒక్కడూ లేడు.