పావు చుట్టుకు గోవిందా

రేణిగుంటలో లారీ ఇంజన్లు విప్పి కట్టే షెడ్డులో పనిచేసినవాణ్ణి నేను. విప్పడానికేముంది, ఎవడైనా విప్పుతాడు. కట్టేటప్పుడు హెడ్డు బోల్టుల దగ్గర తెలుస్తుంది ఒంట్లో ఎంత పస ఉందో. ముందు రెంచితో బిగిస్తాం. చాలినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. పని అక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణే కాదు. ఆ తర్వాత బోల్టు తల మీదా, అది తిరిగి చేరాల్సిన చోటా తెల్ల పెయింటు గీతలు పెట్టి, రెంచి పక్కనపెట్టి, రాడ్డుకు పొడుగాటి పైపు తొడిగి, ప్రతి బోల్టునూ ఇంకో పావు చుట్టు తిప్పాలి. మధ్యలో ఆపకూడదు. ఆపితే బోల్టు పట్టేసుకుని మొండికేస్తుంది. తక్కువ తిరిగిందా, లారీ ఏ ఘాట్ రోడ్డులోనో నీళ్ళు కక్కుకుని నిలబడిపోతుంది.

ఆ పావు చుట్టు ఒకడి పని కాదు. నేనూ నా జతగాడూ ఇద్దరం పైపు పట్టుకునేవాళ్ళం. కొండ కింది ఊళ్ళవాళ్ళం కదా, బరువైనది ఏది లాగినా నోటికి వచ్చే మాట ఒకటే. అతను "గోవిందా" అనేవాడు, నేనూ "గోవిందా" అంటూ లాగేవాణ్ణి. భక్తి అనుకునేరు, అదేం లేదు. ఇద్దరి బలం ఒక్కసారే పడాలి, అంతే.

జతగాడు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని దొరికి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. నా కోపమంతా మా ఓనరు మీద. ఇంకో మనిషిని పెట్టమంటే రేపు, మాపు అన్నాడు. గేర్లున్న డబ్బా ఒకటి దొరుకుతుంది, దాన్ని బోల్టు మీద కూర్చోబెట్టి పిడి తిప్పితే చాలు, చేతికి బరువే తెలియదు, అదైనా తెప్పించమన్నాను.

"దానికేం తొందరప్పా, నీ చెయ్యి ఉండాది కదా. ఇంకొంచెం పొడుగు పైపు ఏస్కో," అన్నాడు.

వేసుకున్నాను. మావాడు ఒక్కడే లాగేస్తాడని ఓనరు డ్రైవర్ల దగ్గర గొప్పలు చెప్పుకునేవాడు. ఇంటికెళ్ళాక చొక్కా విప్పడానికి నా భార్య చెయ్యి వెయ్యాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం నాయుడుపేటకు పోవలసిన లారీ, పక్కనే తొందరపెడుతూ డ్రైవరు. ఆఖరి బోల్టు సగం తిరిగేసరికి భుజంలో నొప్పి పొడుచుకొచ్చింది. ఆపకూడదు కదా. గోవిందా అని నేనే అనుకుని, నేనే లాగాను. టక్కుమంది. చాల్లే అని రెంచి చెప్పిందనుకున్నాను. నా చేతిలో రెంచి లేదు, ఉత్త రాడ్డూ పైపూ. నేల మీద కూలబడిపోయాను.

ఓనరు పరుగెత్తుకొచ్చి ముందు ఇంజను మీదికి వంగి చూశాడు. "గీత కలిసినాదిలే," అన్నాడు. ఆ తర్వాత నన్ను చూసి, "ఏమైనాదప్పా?" అన్నాడు. చెయ్యి లేవడం లేదన్నాను. అతను డ్రైవరు వైపు తిరిగి, "మావోడి చెయ్యి గోవిందా," అని నవ్వాడు. మా వైపు గొడుగు పోయినా గోవిందా అంటాం, ఎక్కాల్సిన బస్సు పోయినా గోవిందా అంటాం. నా చెయ్యి వాటిలో చేరింది.

ఆస్పత్రిలో లోపలి కండ తెగిందని కుట్టారు. ఇప్పుడా కుడి చెయ్యి రొమ్ము దాకా లేస్తుంది, ఆపైన లేవదు. షెడ్డు నుంచి చాన్నాళ్ళు కబురే లేదు. చివరికి వచ్చింది, పనికి రమ్మని కాదు, పూజకు రమ్మని. ఆ గేర్ల డబ్బా కొన్నాడట.

వెళ్ళాను. ఎందుకు పోయావని నా భార్య ఇప్పటికీ తిడుతుంది. డబ్బాకు పసుపు, కుంకుమ, చామంతి దండ. చెయ్యి పోయింది నాకు, దండ పడింది దానికి. ఒళ్ళు మండిపోయింది.

"పాతోడివి, నువ్వే కొట్టప్పా," అని ఓనరు టెంకాయ అందించాడు. అందరూ గోవిందా అన్నారు. నేను టెంకాయను ఎడమ చేత్తో ఎత్తాను.

ఓనరు ముఖం మాడిపోయింది. "ఎడం చేత్తో యాడన్నా కొడతారా? కుడి చేత్తో కొట్టప్పా."

"అది గోవిందా అని నువ్వే చెప్తివి కదప్పా," అన్నాను.

ఎడమ చేత్తోనే కొట్టి, చిప్పలు ఆ డబ్బా ముందు పెట్టి వచ్చేశాను.